ముల్లు కదలని ముప్పై అయిదు రోజులు

మన ఇళ్ళల్లో ఒకప్పుడు ఆడపిల్ల పుట్టింటికొస్తే అరుగు మీది పెద్దవాళ్ళు "అయ్యో, ఎంత చిక్కిపోయావే తల్లీ!" అని నొచ్చుకునేవారు. ఇప్పుడదే మాట ఎవరైనా అంటే మొహం చాటంత చేసుకుని, "నిజంగానా? ఈ చీరలో అలా కనిపిస్తున్నానేమో!" అంటూ ఇంకోసారి అనిపించుకుంటున్నాం. పరామర్శ కాస్తా పొగడ్త అయి కూర్చుంది.

అయితే ఆ పొగడ్త అందరికీ దక్కడం లేదు. 2019–20లో మన రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో పదిమందికి ముగ్గురు ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నవాళ్ళే. ఆ ముగ్గురిలో నేనూ ఒకతెని. అయిదడుగుల రెండంగుళాల ఎత్తుకి 79 కిలోలు! నలభై ఒకటో ఏట రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల షుగరు లెక్క 6.2 అని వచ్చింది. 5.7 అంటే గీత దగ్గరికి వచ్చినట్టు, 6.5 అంటే గీత దాటినట్టు అన్నారు మా లేడీ డాక్టరుగారు. అంటే నేను గీత మీద చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నానన్నమాట.

"కొన్నాళ్ళు అన్నం మానగలరా?" అన్నారావిడ.

చెప్పొద్దూ, ఆ ప్రశ్న నాకు "కొన్నాళ్ళు ఊపిరి మానగలరా" అన్నట్టు వినిపించింది. మనం పలకరించుకునేదే "అన్నం తిన్నారా?" అని కదా!

నా పుట్టిల్లు పాలమూరు, అత్తగారిల్లు నల్లగొండ. మా అమ్మమ్మ చిన్నతనంలో ఈ రెండు చోట్లా మెట్ట ఊళ్ళల్లో అన్నం పండగ పూట వంటే. మిగతా రోజుల్లో జొన్నరొట్టె, జొన్నగట్క, అంబలి. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలాక మిర్యాలగూడ వైపంతా వరి పచ్చబడింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మెట్ట పల్లెల్లో కూడా రోజూ అన్నం గిన్నె పొయ్యెక్కింది. ఎన్ని తరాలు కలగన్న తెల్లన్నం అది! దాన్ని నేను మానేస్తానంటే ఇంట్లో పెద్దవాళ్ళకి ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

ఇంతకీ డాక్టరుగారు చెప్పింది కీటో పథ్యం. మన తెలుగునాట ఈ మాట తెలియనివాళ్ళు తక్కువ. 2017, 18 ఆ ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణగారి పుణ్యమా అని ఊరూరా ఇదే చర్చ. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు! తలకు రాసుకునే కొబ్బరినూనెను జనం తాగడం మొదలుపెట్టారు. మేలు జరిగిందన్నవాళ్ళున్నారు, ఇది తగదని వాదించిన డాక్టర్లూ ఉన్నారు. అదలా ఉంచండి.

ఈ పథ్యం ఎవరికోసం పుట్టిందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. సన్నబడదలచినవాళ్ళ కోసం కాదు, మూర్ఛరోగంతో బాధపడేవాళ్ళ కోసం, అందులోనూ ముఖ్యంగా పసిపిల్లల కోసం. 1921లో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఉన్న రసెల్ వైల్డర్ అనే డాక్టరు దీనికి ఆ పేరు పెట్టాడు. ఉపవాసం ఉంటే మూర్ఛలు తగ్గుతున్నాయని గమనించి, ఉపవాసం చెయ్యకుండానే శరీరాన్ని ఆ స్థితిలో ఉంచడమెలా అని ఆలోచించాడు. పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచితే, కాలేయం ఆ కొవ్వు నుంచి కీటోన్లనే పదార్థాలు తయారుచేస్తుంది. మెదడు వాటితో పని నడుపుకుంటుంది. 1938లో మూర్ఛకి కొత్త మందు వచ్చాక ఈ పథ్యం మూలపడింది. మళ్ళీ 1990లలో జిమ్ అబ్రహమ్స్ అనే హాలీవుడ్ దర్శకుడు, తన పసివాడికి ఈ తిండితో మూర్ఛలు ఆగడంతో, బిడ్డ పేరు మీదే ఒక సంస్థ పెట్టి దీన్ని లోకానికి గుర్తుచేశాడు. వందేళ్ళ కిందట వంటింట్లో త్రాసు పెట్టుకుని బిడ్డ తినే ప్రతి ముద్దనీ గ్రాముల్లో తూచిన ఆ తల్లుల్ని తలుచుకుంటే, నా 79 కిలోల గొడవ నాకే చిన్నదిగా అనిపించింది.

సరే, సంక్రాంతి అరిసెలు, సకినాలు అయిపోయిన మర్నాటి నుంచి మొదలుపెట్టాను. గుడ్లు, చికెన్, పన్నీరు, గంగవాయిలి కూర, పుంటికూర, కాకరకాయ, రోజుకి ఇంతని కొలిచిన నెయ్యి, కొబ్బరినూనె. పిండిపదార్థం రోజుకు 25 గ్రాములు దాటకూడదు. మొదటి వారంలోనే రెండున్నర కిలోలు దిగాను. మావారు యంత్రం పాడైందేమోనని తామెక్కి చూసుకున్నారు. పాడవలేదు. మనం తిన్న పిండిపదార్థాన్ని శరీరం కాలేయంలోనూ కండల్లోనూ కొంత దాచుకుంటుందట. ఆ దాచుకున్న ప్రతి గ్రాముకీ సుమారు మూడు గ్రాముల నీళ్ళు అంటిపెట్టుకుని ఉంటాయి. నిల్వ ఖర్చయితే నీళ్ళూ పోతాయి. అంటే మొదటి వారం నేను పోగొట్టుకున్నదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళే. అయినా సంతోషం సంతోషమే కదా!

నీళ్ళంటే గుర్తొచ్చింది. రోజుకి మూడు లీటర్లకి తగ్గకుండా తాగమన్నారు. నల్లగొండలో నీళ్ళు ఎక్కువ తాగమనడం ఒకప్పుడు అనరాని మాట. మర్రిగూడ వైపు ఊళ్ళల్లో ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవాళ్ళని మా అత్తమ్మ పేరుపేరునా చెబుతుంది. పటిక, సున్నం కలిపి నీళ్ళల్లో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని 1970లలో శాస్త్రవేత్తలు కనిపెడితే, ప్రపంచమంతా దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. కృష్ణ నీళ్ళు నల్లాల్లోకి వచ్చాక పుట్టిన మా పిల్లలకి ఇదంతా కథ. నేను మూడో లీటరు తాగుతుంటే అత్తమ్మ మాత్రం, "ఎన్నడన్న అనుకున్ననా, మన నల్లగొండల గిన్ని నీళ్ళు తాగుమని డాక్టరు చెప్తడని!" అంటుంది.

ఉగాది నాటికి 71 కిలోలు. ఎనిమిది కిలోలు తగ్గాను! పెళ్ళయిన కొత్తలో కుట్టించుకున్న నారాయణపేట చీర జాకెట్టు చేతులు దూరేంత వరకూ వచ్చింది. ఉగాది పచ్చడి ఒక్క చెంచాతో సరిపెట్టి, వీధంతా వినేలా నవ్వుతూ తిరిగాను.

ఆ తర్వాత ముల్లు ఆగిపోయింది.

మా ఇంట్లో ఉన్నది మా మరిది ఎప్పుడో తెచ్చిచ్చిన స్ప్రింగు యంత్రం, ముల్లు తిరిగేది. వారం గడిచింది, 71. రెండో వారం, 71. తిండిలో గింజ తేడా లేదు. షాబాదు బండల మీద ఎగుడుదిగుడుగా ఉందేమోనని హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి పడకగదిలోకి యంత్రాన్ని మోశాను. గాజులు తీసి ఎక్కాను. ఆఖరికి మంగళసూత్రం వంక కూడా చూశాను గానీ, అత్తమ్మ అక్కడే ఉంది. చిన్నప్పుడు రైలు స్టేషన్లో నాణెం వేస్తే బరువుతో పాటు టిక్కెట్టు మీద భవిష్యత్తు కూడా అచ్చయి వచ్చేది. ఈ యంత్రానికి ఆ మర్యాద కూడా లేదు.

మన బరువు ఆగిందని తెలిస్తే చుట్టుపక్కలవాళ్ళకి ఎక్కడలేని ఉత్సాహమూ వస్తుంది. "పిల్లల కంచాల్లో మిగిలింది తింటున్నావేమో వదినా?" అంది ఎదురింటామె. ఆమె అనడంలోనూ న్యాయం ఉంది. తల్లులకి అది పుట్టుకతో వచ్చిన ఉద్యోగం. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. చిన్నవాడు వదిలేసిన నాలుగు పెరుగన్నం ముద్దలు చాలు, కీటో పథ్యంలో ఉన్న తల్లి ఆ రోజు కోటా అయిపోవడానికి. అందుకే మొదటి రోజే ఏర్పాటు చేసేశాను. మా ఇంట్లో కంచంలో మిగిలిన మెతుకు పెరటి గోడ మీద కాకిది, వీధిలో ఆవుది. ఆ నెలల్లో మా వీధి ఆవు ఒళ్ళు చేసింది. నాది మాత్రం 71 దగ్గరే ఉంది.

మే నెల మొదట్లో ఆవకాయ పెట్టడానికి అమ్మ పాలమూరు నుంచి వచ్చింది, రెండు పెట్టెల కొల్లాపూర్ మామిడిపళ్ళతో. నా కంచం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మన దిక్కు మనిషి బక్కపడితే కరువొచ్చిందనేటోళ్ళు బిడ్డా. నువ్వు పైసలిచ్చి బక్కపడుతున్నవా?"

నాకు నవ్వొచ్చింది గానీ పూర్తిగా రాలేదు. దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల గడ్డ అది. వలస పోయినవాళ్ళు తిరిగొచ్చినప్పుడు వాళ్ళ దవడలు చూసి ఆ ఏడాది ఎట్లా గడిచిందో చెప్పగలిగేవాళ్ళు మా ఊరి ముసలమ్మలు. అమ్మకి నా తిండి వైద్యంలా కనిపించకపోవడంలో వింతేముంది?

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు థైరాయిడు పరీక్ష రాశారు, ఆడవాళ్ళలో బరువు మొండికేస్తే చూడవలసిన మొదటి వాటిలో అదొకటట. బాగానే ఉంది. నెలసరి ముందు ఒకటి రెండు కిలోల నీరు ఒంట్లో నిలవడం మామూలేననీ, రోజూ యంత్రం ఎక్కితే ఆ నీటినే తూచినట్టవుతుందనీ చెప్పారు. తర్వాత నడుముకి టేపు చుట్టారు. సంక్రాంతికి 98 సెంటీమీటర్లు, ఉగాదికి 92. ఇప్పుడెంతో తెలుసా? 90! ముల్లు కదలని రోజుల్లో కూడా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గింది. మన దేశపు ఆడవాళ్ళకి నడుము 80 దాటితే జాగ్రత్తపడాలంటారు. అంటే దారి ఇంకా ఉంది గానీ, నేను దారిలోనే ఉన్నానన్నమాట.

"మరి బరువెందుకు ఆగింది డాక్టరుగారూ?"

"నిండు బిందె మోసే మనిషికి, సగం బిందె మోసే మనిషికి ఆయాసంలో తేడా ఉండదా?" అన్నారావిడ. "మీరిప్పుడు ఎనిమిది కిలోలు తక్కువ మోస్తున్నారు. ఖర్చు తగ్గింది. పైగా తిండి తగ్గినప్పుడు శరీరం కాస్త పొదుపు కూడా నేర్చుకుంటుంది. 79 కిలోల మనిషికి రాసిన పథ్యమే 71 కిలోల మనిషికీ నడిస్తే రాబడీ ఖర్చూ సమానమైపోతాయి."

ఆ పైన లెక్క చెప్పారు. నాకు మొదట్లో పైనుంచి కలుపుకోమన్న కొవ్వు రోజుకు 70 గ్రాములు. గ్రాముకు తొమ్మిది కాలరీల చొప్పున 630. దాన్ని 40 గ్రాములకి దించమన్నారు. 270 కాలరీలు తగ్గినట్టు. నేను ఇంటికొచ్చి అత్తమ్మకి మన భాషలో చెప్పాను: రోజూ బజారు నుంచి సరుకు దిగుతూ ఉంటే అటక మీది మూట ఎవరు దింపుతారు? సరుకు తగ్గితేనే కదా నిచ్చెన వేసేది! అత్తమ్మ, "గిది సమజైంది" అంది.

ఇదంతా బాగానే ఉంది. కానీ ఆ వారంలోనే జరిగిన ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఆ ఏడాదే పెద్దమనిషయింది. ఒక రాత్రి అన్నం వడ్డిస్తుంటే కంచం పక్కకి జరిపి, "నాకూ గుడ్డు చాలమ్మా. నేనూ లావే కదా" అంది. దాని ఎత్తుకి దాని బరువు తక్కువే గాని ఎక్కువ కాదు. వరండాలో నా యంత్రం పక్కన గోడ మీద నేను పెన్సిలుతో రాసుకునే అంకెల కింద, చిన్న అక్షరాలతో దాని అంకెలు కూడా ఉన్నాయని మర్నాడు చూశాను. నాలుగు రోజులవి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పిన ఆ సర్వేలోనే ఇంకో అంకె ఉంది. మన రాష్ట్రంలో ఆ వయసు ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళు. ఎదిగే పిల్ల, నెలనెలా రక్తం పోయే పిల్ల తినవలసిన వయసులో తిండి మానితే ఆ లోటు ఎప్పటికి పూడాలి? ముల్లు కదలడం లేదని నేను దిగులుపడుతున్న ఇంట్లో, నా కూతురు తన ముల్లు కదలాలని చూస్తోంది. నా నడుము ఎంత తగ్గితే దానికి సరి?

పొద్దున్నే గోడ తడిగుడ్డతో తుడిచాను. యంత్రం మూటగట్టి బీరువా పైకెక్కించాను. "నెలకోసారి, నేనొక్కదాన్నే" అని మావారికి చెప్పాను. అమ్మాయిని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ దాంతో ఒక్కదాంతోనే పావుగంట మాట్లాడారు. మీ అమ్మది మందు, మందు ఎవరికి రాస్తే వాళ్ళే మింగాలి అన్నారట. ఆ మాట దానికి నచ్చింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.4. ఐరన్ మాత్రలు రాశారు.

తర్వాత నేనే అడిగాను, కీటో ఇంకెన్నాళ్ళని. ఆవిడ ఒక పరిశోధన గురించి చెప్పారు. 2018లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి పిండిపదార్థం, ఇంకో జట్టుకి కొవ్వు తగ్గించి ఏడాది చూశారట. రెండు జట్లూ సగటున అయిదారు కిలోలే తగ్గాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు. "ఏది ఏడాది పాటు మీ ఇంట్లో నడుస్తుందో అదే మీ పథ్యం" అన్నారు.

మా ఇంట్లో నడిచేది పిల్లలతో కలిసి కూర్చుని తినేదే. అందుకని రాత్రిపూట నాకొక జొన్నరొట్టె చేర్చుకున్నాను, ఒక్కటే, పలచగా తట్టింది. దాంతో పథ్యం శాస్త్రప్రకారం కీటో కాకుండా పోయింది. పోనీండి! తెల్లన్నం పగటిపూట నాకు లేదు, తీపి లేదు, కొవ్వు 40 గ్రాములే. కంచంలో సగం కూర, గుడ్డో పప్పో చికెనో తప్పనిసరి. నలుగురమూ అదే బల్ల దగ్గర, అవే కూరలు. పిల్లలకి అన్నం, రొట్టె ఎంత కావాలంటే అంత.

నడక ఒకటి కలిపాను. మే నెల నల్లగొండ ఎండల సంగతి తెలుసుగా, తెల్లవారుజామున అయిదింటికే ఎన్.జి. కాలేజీ మైదానానికి. వారానికి మూడు రోజులు ఇంట్లోనే రెండు లీటర్ల నీళ్ళ సీసాలు చేతులతో ఎత్తడం, కుర్చీలోంచి పట్టుకోకుండా లేవడం, కూర్చోవడం. కండ నిలబడితే కూర్చున్నప్పుడు కూడా కొంచెం ఎక్కువ ఖర్చవుతుందట. మరొకటి నిద్ర. చిన్నవాడి ప్రాజెక్టు అట్టలు, అమ్మాయి రికార్డు బొమ్మలు రాత్రి పదకొండు దాకా అతికించే పని మావారికి అప్పగించాను. మావారు అతికిస్తే ఏనుగు బొమ్మ ఒంటెలా వచ్చింది గానీ, నేను పదింటికి నిద్రపోయాను. నిద్ర చాలకపోతే ఆకలి ఎక్కువవుతుందని డాక్టరుగారు మరీమరీ చెప్పారు.

జూన్‌లో బడులు తెరిచిన వారం యంత్రం దింపాను. 69.5. ఎవరినీ పిలవలేదు. ఇంకా నయం, యంత్రం మీంచి దిగి ముందు పొయ్యి మీది పాలు చూసుకున్నాను. ఆ తర్వాత నెలకి ఒకటికి కాస్త తక్కువగా, కొన్ని నెలలు అసలు లేకుండా, సద్దుల బతుకమ్మ నాటికి 67. నువ్వుల సద్ది రెండు చెంచాలు తిన్నాను, ఎవరి అనుమతీ అడగలేదు. షుగరు లెక్క 5.8. ఇంకా గీత దగ్గరే, కానీ వెనక్కి నడిచాను. నారాయణపేట జాకెట్టుకి హుక్కులు పడ్డాయి, పై హుక్కు తప్ప.

మీలో ఎవరైనా ఈ పథ్యం తలపెడితే ఒక్క మాట. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు పక్కింటివాళ్ళ మాట మీద మొదలుపెట్టకండి. ఇన్సులిన్, కొన్ని మాత్రల మోతాదు మార్చకుండా అన్నం మానితే షుగరు ప్రమాదంగా పడిపోవచ్చు. డాక్టరు చూసి చెయ్యవలసిన పని అది. ముల్లు ఆగితే కంగారుపడి తిండి ఇంకా మానెయ్యకండి. టేపు తియ్యండి, నిద్ర లెక్క చూసుకోండి, మీరిప్పుడు ఎంత బరువున్నారో ఆ బరువుకి పథ్యం మళ్ళీ రాయించుకోండి.

మా అమ్మాయి హిమోగ్లోబిన్ ఇప్పుడు 12.1. నాకు బాగా జ్ఞాపకమున్న అంకె ఇదే. మొన్న దసరా సెలవుల్లో పాలమూరు వెళ్తే, అమ్మ దాన్ని వాకిట్లో నిలబెట్టి కింద నుంచి మీది దాకా చూసి, "జర ఒళ్ళు చేసినవ్ బిడ్డా!" అంది మురిసిపోతూ. నాకు గుండె ఒక్కసారి ఆగింది. పిల్ల ఏమంటుందోనని వంట గదిలోంచి చెవి అటు వేశాను.

"అమ్మమ్మా, ఇంకో రొట్టె వెయ్యవా?" అంటోంది.